చివరి చరణంలో పేరు

10 ఫిబ్రవరి 1969, సోమవారం

ఇవాళ బడి ముందు పోలీసు జీపు ఆగింది. దిగిన కానిస్టేబులు మంచినీళ్ళు అడిగేడు. నేనే స్వయంగా గ్లాసు కడిగి ఇచ్చేను. సగం తాగి, గ్లాసు చేత్తోనే పట్టుకుని చెవి ఒగ్గేడు. లోపల మూడో తరగతి వాళ్ళు పలకలు కడుక్కుంటూ పాడుకుంటున్నారు.

పూడిక తీద్దాం రండోయ్, మన కాలవ పూడిక తీద్దాం రండోయ్.

ఈ పాట వీళ్ళకి ఎవరు నేర్పేరు మేష్టారూ అన్నాడు. రేడియోలో వచ్చిందండి అన్నాను. ఆ పాట ఏనాడూ రేడియోలో రాలేదు. వచ్చుంటే నేను ఊరూరా తిరిగి చెప్పుకునేవాణ్ణి.

జీపు వెళ్ళిపోయింది. నేను ఆ గ్లాసు మళ్ళీ రెండుసార్లు కడిగేను.

11 ఫిబ్రవరి

ఎవరితోనూ చెప్పుకోలేక ఈ పాత హాజరు పట్టీ వెనక కాయితాల్లో రాసుకుంటున్నాను. మా ఆవిడ కూర్మమ్మకి చదువు రాదు కాబట్టి ఇంట్లో ఉంచినా ఫరవాలేదు.

ఆ పాట నాదే. ఇక్కడైనా ఒప్పుకోవాలి కదా. రెండేళ్ళ కిందట కాలవ పూడిక తీతకి జనం కదలటం లేదని, అప్పటి తాసిల్దారుగారు నన్ను పిలిపించి ఒక మంచి పాట కట్టవయ్యా జగన్నాధం అన్నారు. రెండు రోజుల్లో కట్టేను. పల్లవి పార ఎత్తి దింపే లెక్కకి సరిపోవాలి, ఒకసారి వింటే నోటికి పట్టుబడాలి. అనుపల్లవి కాలవ మీద తాటి దుంగ లాంటిది, పల్లవినించి చరణంలోకి మనిషిని దాటించాలి. గెడ్డలోన నీళ్ళు నిలిచి మడికి దారి అడిగాయోయ్ అని వేసేను. ఆ దుంగ మీద ఒక్క ఊపిరి తీసుకుని చరణంలోకి దిగిపోవడమే. చరణాలు నాలుగు. నాలుగో దాంట్లో, పెద్దలు చేసినట్టే, నా పేరు ముద్ర వేసుకున్నాను.

పార పట్టిన చేతులకి జగన్నాధం దండాలోయ్.

పాడింది గంగులు. వాడు జముకుల కథ చెప్పుకుని బతికేవాడు. అక్షరం రాదు గాని, ఒక్కసారి వింటే ఇంకోసారి చెప్పక్కరలేదు. వాడు జముకు మీద దెబ్బ వేసి ఎత్తుకుంటే ఊరు ఊరంతా కాలవలో దిగింది. తాసిల్దారుగారు మెచ్చుకుని నాకు అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఇచ్చేరు, పాట రచించినందుకు అని అందులో నా పేరూ, కింద ఆయన సంతకమూ. ఏం లాభం. జనం దాన్ని గంగులు పాట అన్నారు. ఇప్పటికీ అదే అంటారు.

పోనీ నా ముద్రయినా నిలిచిందా అంటే అదీ లేదు. అందరూ పల్లవి పాడతారు, ఒక చరణం పాడతారు, మహా అయితే రెండు. ఈలోగా పని అయిపోతుంది, చుట్ట ముట్టించుకుంటారు. నాలుగో చరణం దాకా వచ్చిన మనిషిని ఈ రెండేళ్ళలో నేను చూడలేదు. ఇంట్లో కూర్మమ్మ ఒక్కతే చివరి దాకా పాడుతుంది, చోళ్ళు దంచుతూ. అదీ మొగుడి పేరు పలకకూడదని, ముద్ర దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని మ్మ్ అని మూలుగుతుంది.

రెండేళ్ళుగా నాకదే ఏడుపు. ఇవాళ ఆ మతిమరుపుకే దణ్ణం పెడుతున్నాను.

12 ఫిబ్రవరి

జీపు రాలేదు.

13 ఫిబ్రవరి

జీపు రాలేదు గాని, ఆమదాలవలస నించి వచ్చిన మా నారాయణమూర్తి మేష్టారు బళ్ళో కూచుని మెల్లిగా చెప్పేడు. కొండల మీద గొడవల్లో దొరికినవాళ్ళందరి నోటా ఒకటే పాటట. పూడిక పాట. కట్టినవాడెవడో వెతుకుతున్నారట. ఆయన నా మొహం చూడకుండా చెప్పేడు. నేను గోడ మీద దేశపటం చూస్తూ విన్నాను.

పాట కొండెక్కి దిగింది. నా పల్లవి అలాగే ఉన్నాది, అక్షరం మారలేదు. దాని వెనక కొత్త చరణాలు పుట్టుకొచ్చాయి. కొండ కొట్టి పోడు చేస్తే గింజ ఎవరి గాదెకెళ్ళిందోయ్ అని ఒకటి. గట్టు మింగిన కామందు గుట్టు బయటపెట్టాలోయ్ అని ఇంకొకటి. అవి నావి కావు. నేను రాసింది గుర్రపుడెక్క ఏరడం గురించీ, గట్టుకి మన్ను వెయ్యడం గురించీ.

ఆ గట్టు గుట్టు ప్రాస మాత్రం బాగుంది. కట్టినవాడెవడో గాని తెలిసినవాడే.

14 ఫిబ్రవరి

పాటల పుస్తకం పొయ్యిలో పెట్టేను. ఇరవై ఏళ్ళ పాటలు. పెళ్ళి పాటలు, నాటకాల పాటలు, అన్నీ. కూర్మమ్మ చూసి, కుండలో ఎసరు మరుగుతోందని మాత్రం అంది.

ప్రశంసాపత్రం కూడా గోడ మీంచి తీసేను. దాన్ని కాల్చడానికి చేతులు రాలేదు. అద్దం కాలదు కదా, అందుకని. గోనె చుట్టి చోళ్ళ బుట్ట కింద పెట్టేను. గోడ మీద అది ఉన్న చోట తెల్లగా మచ్చ మిగిలింది. ఇంటికి వచ్చినవాడి కళ్ళు సూటిగా అక్కడికే పోతాయి. కేలండరు తగిలించేను, అది చిన్నదై మచ్చ నాలుగు వేపులా కనపడుతున్నాది.

16 ఫిబ్రవరి, ఆదివారం

గంగుల్ని పట్టుకున్నారు. నిన్న శ్రీముఖలింగంలో శివరాత్రి జాతరలో, జముకు చేతిలో ఉండగానే. జనం అడిగేరని పూడిక పాట ఎత్తుకున్నాడట. ఈ రోజుల్లో, జాతరలో, అంత జనంలో. బుద్ధి ఉండక్కరలేదా వెధవకి.

మధ్యాహ్నం వాడి పెళ్ళాం మరిడమ్మ వచ్చింది. ఏడవలేదు. గుమ్మంలో కూచుని చెప్పింది.

“మేస్టారు బాబూ, ఆడు పాడినాడు గాని కట్టనేదు కదా. పాడినోల్లని ఒగ్గేత్తన్నారంట. కట్టినోడే కావాలంట. తవరు ఒక్క మాట సెప్పండి.”

చూద్దాంలే పద అన్నాను. చూద్దాంలే అంటే ఏం చూస్తాను. కూర్మమ్మ దానికి అంబలి పోసింది. తాగుతున్నంత సేపూ అది కేలండరు వేపే చూసింది.

17 ఫిబ్రవరి

ఒంట్లో బాగులేదని బడికి వెళ్ళలేదు.

18 ఫిబ్రవరి

బాగులేదు.

19 ఫిబ్రవరి

ఠాణాకి రమ్మని కబురు. రేపు పదింటికి. ఎందుకో చెప్పలేదు. కూర్మమ్మ ఉతికిన పంచె తీసి పెట్టింది.

20 ఫిబ్రవరి, గురువారం

వచ్చేసేను. ఇంట్లోనే ఉన్నాను. ముందు ఆ మాట రాసుకోవాలి.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారి పేరు నరసింగరావు. కొత్తగా వచ్చేడు. సన్నగా, బంగారు రంగు కళ్ళజోడు. కుర్చీ వెయ్యించేడు. టీ తెప్పించేడు. తిట్టినా బాగుండును, ఆ మర్యాదకి నా వీపు చల్లబడిపోయింది. ఈ చుట్టుపక్కల పాటల గురించి తెలిసినవారు మీరేనని విన్నాను, ఒక సాయం కావాలి మేష్టారూ అన్నాడు. సాయం. నన్ను పట్టుకోవడానికి కాదు, అడగడానికి పిలిచేరట. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆయన ముందు ఒక కాయితం మీద పూడిక పాట మొత్తం రాసి ఉన్నాది. పదకొండు చరణాలు. నా పేరున్న నాలుగోది అందులో లేదు. ఇందులో ఏది మొదట పుట్టింది, ఏది తరవాత అతికించేరు, మీరు విడదీసి చెప్పగలరా అన్నాడు. తెలీదండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనలేక, నల్లబల్ల ముందు నించున్నట్టు మొదలెట్టేను. పల్లవి పాటకి వేరండి, అది ఎక్కడికి వెళ్ళినా మారదు, అందరూ కలిసి పాడేది కాబట్టి ఎవడు మార్చినా పక్కవాడు ఒప్పుకోడు. అనుపల్లవి దాటించే దుంగ. చరణాలు మాత్రం ఎన్నయినా తగిలించుకోవచ్చు, ఒక్కడు పాడితే మిగతావాళ్ళు వంత పాడతారు కాబట్టి ఎవడి కష్టం వాడు చెప్పుకుంటాడు, చివర పల్లవిలోకి దింపేస్తే చాలు. పాట బతికేది పల్లవి మీదేనండి, చరణాలు వచ్చేవి వస్తాయి పోయేవి పోతాయి. చెపుతుంటే హాయిగా కూడా ఉన్నాది. ఈ సంగతులు నన్ను అడిగినవాడే లేడు ఇన్నాళ్ళూ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అయితే మేష్టారూ, చరణాలు కట్టిన పది మందినీ పట్టుకున్నా పాట ఆగదన్న మాట. పల్లవి కట్టినవాడే మూలం.”

నోరు మూసుకోవచ్చు కదా నేను. నా తాడు నేనే పేని ఆయన చేతిలో పెట్టేను.

తరవాత గంగుల్ని తీసుకొచ్చేరు. పై పెదవి వాచి ఉన్నాది. కుడి చెయ్యి ఎడం చేత్తో పట్టుకుని నించున్నాడు. నన్ను చూసేడు, చూడనట్టే మొహం తిప్పుకున్నాడు. ఈయన్ని ఎరుగుదువా అంటే వాడన్న మాట రాస్తాను, అక్షరం తప్పకుండా.

“నానెరగను బాబూ. ఎవులో మేస్టారులాగున్నారు. పాట నాదే. పల్లవీ నాదే, సరనాలూ నాయే.”

పాడమన్నారు. జముకు లేదు. నేల మీద కూచుని వేలి కణుపుల్తో గచ్చు మీద దెబ్బ వేస్తూ ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది గాని తాళం తప్పలేదు. పల్లవి, దుంగ, చరణం, మళ్ళీ పల్లవి. కొత్త చరణాలన్నీ పాడి, ఆఖరికి, ఎవడూ పాడని నా నాలుగో చరణం ఎత్తుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎప్పుడు పాడతారా అని చూసిన చరణం ఇలా ఠాణాలో వస్తుందని ఎవడనుకున్నాడు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

పార పట్టిన చేతులకి గంగులు దండాలోయ్.

నా పేరుకి ఏడు మాత్రలు. వాడి పేరుకి నాలుగే. మిగిలిన చోటు ఖాళీ పోకుండా వాడు గచ్చు మీద మూడు దెబ్బలు వేసేడు. టక్ టక్ టక్. నా వేపు చూడలేదు.

సర్కిల్ గారికి పాట చెవి ఉన్నాది. వాణ్ణి లోపలికి పంపేక అడిగేడు.

“అక్కడ పేరు దగ్గర మూడు దెబ్బలు ఖాళీ వచ్చాయి. మిగతా పాటలో ఎక్కడా అలా లేదు. ఏమై ఉంటుందంటారు?”

జానపదులకి అది అలవాటేనండి, పేరు చాలకపోతే దెబ్బతో పూరిస్తారు అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. ఆయన సరేనని తల ఊపి, కాయితం మీద ఇలా రాయించేడు. ముద్రను బట్టి పాట మొత్తం గంగులుదేనని నా అభిప్రాయం. కింద సంతకం పెట్టమన్నాడు.

పెట్టేను.

21 ఫిబ్రవరి

నేను అబద్ధం రాయలేదు. అభిప్రాయం అన్నారు. అభిప్రాయం అబద్ధం ఎలా అవుతుంది. పైగా వాడే ఒప్పుకున్నాడు కదా. నేను కాదంటే వాడు అబద్ధమాడేడని ఇంకో నాలుగు తగిలించేవారు. వాడి మంచికే అయింది.

22 ఫిబ్రవరి

వాడి మంచికి అని నిన్న రాసింది చదువుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

25 ఫిబ్రవరి

గంగులు రోజూ లోపల పాడుతున్నాడట. సంతకి వెళ్ళినవాళ్ళు ఠాణా గోడవతల నించుని విని వస్తున్నారు. ఇవాళ బడికి వస్తుంటే రెండో పంట ఊడుపు మడుల దగ్గర ఆడవాళ్ళు పాడుతున్నారు. పల్లవి, ఒక చరణం, రెండో చరణం. ఇక్కడ ఆపేస్తారులే అనుకున్నాను. ఆపలేదు. చివరి చరణం దాకా వచ్చి, గంగులు దండాలోయ్ అన్నారు. జముకు లేదు కదా, ఆ మూడు దెబ్బలకీ ముగ్గురు నలుగురు వంగి నీళ్ళ మీద అరచేత్తో కొట్టేరు.

అందరూ ఇప్పుడు చివరి చరణం పాడుతున్నారు. వాడి పేరు కోసం పాడుతున్నారు. నా చరణం.

నాకు కడుపు మండింది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది గాని నిజం. వాడక్కడ దెబ్బలు తింటుంటే నాకు ఇక్కడ పేరు పోయిందని మండింది.

27 ఫిబ్రవరి

మరిడమ్మ మళ్ళీ వచ్చింది. సోమవారం పొద్దున్నే గంగుల్ని కోర్టుకి పట్టుకుపోతారట. కట్టినవాడని కాయితం అయిపోయిందట, ఎవరో తెలిసినవారు సంతకం కూడా పెట్టేరట. కోర్టు నించి ఏ జైలుకో, ఎన్నేళ్ళో. ఎవరు ఆ తెలిసినవారు అని అది అడగలేదు. దానికి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఈసారి గుమ్మంలో కూచోలేదు, అంబలి వద్దంది.

ఒకటి రాయాలి. ఈ పుస్తకంలోనైనా.

గట్టు గుట్టు ప్రాస కట్టినవాడెవడో అని పదమూడో తారీకున రాసేను. ఎవడో కాదు. నేనే. పోయిన కార్తీకంలో గంగులు బడి దగ్గరికి వచ్చి, కొండ మీదోళ్ళు ఈ చరణం కట్టేరు మేష్టారూ, నోట్లో సరిగ్గా తిరగటం లేదు అన్నాడు. గట్టు తినేసిన కామందు సంగతి అందరికీ చెప్పాలోయ్ అని ఉన్నాది. కుంటుతోంది. అర్థం ఏమిటో, ఎవరికి తగులుతుందో నేను చూడనే లేదు. ప్రాస లేదు, మాత్రలు చాల్లేదు, అదే చూసేను. అప్పటికప్పుడు సరిచేసి ఇచ్చేను. గంగులు రెండుసార్లు పాడి చూసుకుని, ఇప్పుడు నడిచింది బాబూ అన్నాడు. ఆ రోజు సంతోషంగా అన్నం తిన్నాను.

అంటే పల్లవీ నాదే, పోలీసులు మండిపడుతున్న చరణమూ నాదే. గంగులికి ఇదంతా తెలుసు. తెలిసే నానెరగను అన్నాడు.

1 మార్చి, శనివారం

ఠాణాకి వెళ్ళి చెప్పేస్తే ఏమవుతుంది అని ఆలోచించేను. ఉద్యోగం పోతుంది. అది చిన్న సంగతి. గంగులు పెదవి గుర్తొచ్చింది. నా ఒంటికి ఒక్క దెబ్బ కూడా ఆగదు, నాకు తెలుసు. చిన్నప్పుడు మా నాన్న చెయ్యెత్తితేనే నేను పంచె తడుపుకునేవాణ్ణి.

వెళ్ళను.

2 మార్చి, ఆదివారం

కూర్మమ్మ పొద్దున్న చోళ్ళ బుట్ట జరిపింది. గోనె మూట బయటపడింది. విప్పి, అద్దం పమిటతో తుడిచి, నా ముందు మంచం మీద పెట్టింది. చదవడం రాదు గాని అదేమిటో దానికి తెలుసు, తెచ్చిన రోజున అరటిపళ్ళు పెట్టి హారతి ఇచ్చింది.

దాచేవేం మావా అంది. నాకు చెప్పక తప్పలేదు. అంతా చెప్పేను, సంతకం సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రోకలి తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి రోకటి దెబ్బ మీద పాట మొదలయింది. పల్లవి. గెడ్డలోన నీళ్ళు నిలిచి. గుర్రపుడెక్క చరణం. మళ్ళీ పల్లవి. నేను నా మంచం మీద అలాగే కూచున్నాను. నాలుగో చరణం దగ్గరికి వచ్చింది. ఇక్కడ మ్మ్ అంటుంది, రెండేళ్ళుగా వింటున్నదే కదా అనుకున్నాను.

రోకలి ఆగింది.

పార పట్టిన చేతులకి జగన్నాధం దండాలోయ్.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా పేరు దాని నోట వినలేదు నేను. రేషను కార్డు రాసుకోడానికి వచ్చినవాడు మొగుడి పేరు అడిగితే పక్కింటి తవిటమ్మని పిలిచి చెప్పించింది. అలాంటిది ఏడు మాత్రలూ పూర్తిగా, నెమ్మదిగా పలికింది. వెళ్ళి చూస్తే పమిట నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని నించుంది. కళ్ళు నా వేపు లేవు.

“అక్కడ ఉండాల్సిన పేరు అది మావా. గంగులికి కూడా పెల్లాముంది.”

మళ్ళీ రోకలి ఎత్తుకుంది.

3 మార్చి, సోమవారం

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మొదటి బస్సుకి వెళ్తే కోర్టుకి తీసుకుపోయే లోపల అందుతాను. ప్రశంసాపత్రం తువ్వాలులో చుట్టేను. ఉత్త మాట చెపితే గంగుల్ని కాపాడ్డానికి అంటున్నావంటారు, సంతకం ఉన్న కాయితం చూపిస్తే కాదనలేరు. తాసిల్దారుగారు బదిలీ అయి ఎక్కడున్నారో, ఆ సంతకం నాకు సాయమో, ఉరో తెలీదు. గట్టు చరణం సంగతి కూడా చెప్పాలి. చెప్పగలనో లేదో ఆ కుర్చీలో కూచుంటే గాని తెలీదు.

భయంగా ఉన్నాది. లేచినప్పట్నించి రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చేను. కూర్మమ్మ ఉతికిన పంచె ఇచ్చి, చద్దన్నం మూట కట్టింది. ఇద్దరికి సరిపడా కట్టింది. రెండో వాటా గంగులికి అనుకుంటాను, అడగలేదు.

పేరు దగ్గర ఆ మూడు దెబ్బలు ఎందుకు ఖాళీ వచ్చాయని సర్కిల్ గారు అడిగేడు కదా. చెప్పి వస్తాను. రానిస్తే వస్తాను.